యంత్రమునకు భాష నేర్పిన గ్రేస్ హాపర్

ఒక భాషలోని భావమును వేఱొక భాషలోనికి తెచ్చుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. తెలుగున ఆదికావ్యమే వ్యాసభారతమునకు ఆంధ్రీకరణము. శ్లోకములలోని కథను నన్నయభట్టు పద్యగద్యములు కలసిన చంపువుగా మలచుటకు ఆరంభింపగా, తిక్కన, ఎఱ్ఱనలు దానిని పూర్తి చేసిరి. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమును పిడుపర్తి సోమనాథుడు పద్యకావ్యముగా మరల రచించెను. రామకథ ద్విపదలో రంగనాథ రామాయణమై, చంపువులో భాస్కర రామాయణమై వెలసెను. కథ ఒక్కటే, నడక వేఱు. నడక మారినను కథ చెడరాదు. ఇదియే అనువాదకుని ధర్మము.

ఇరువదియవ శతాబ్దమున ఈ ధర్మము ఒక వింత రంగమున అవసరమయ్యెను. కంప్యూటర్లు అనెడి గణకయంత్రములు పుట్టినవి. వానికి పనులు చెప్పుటకు భాషలు పుట్టినవి. ఒక యంత్రమునకు వ్రాసిన ఆజ్ఞావళి వేఱొక యంత్రమునకు బోధపడదు. ఒక పద్ధతిలో వ్రాసినది వేఱొక పద్ధతికి ఒదుగదు. మనుష్యుడు తన మాటలలో వ్రాసినదానిని యంత్రభాషలోనికి మార్చెడి శ్రమను యంత్రమునకే అప్పగింపవచ్చునని తలచి, ఆ తలపును చేతలలో చూపిన వారిలో అగ్రగణ్యురాలు గ్రేస్ హాపర్. ఆమె తెలుగునేలను ఎఱుగదు. అయినను ఆమె నాటిన విత్తనము ఫలించి, ఆమె మరణానంతరము వేలకొలది తెలుగు కుటుంబములకు అన్నము పెట్టెను. కావున ఆమె చరిత్ర తెలుగు పల్లెవారును తెలిసికొనదగినది.

బాల్యము – విద్యాభ్యాసము

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి వాల్టర్ మర్రే బీమా వ్యాపారమునందుండెను. తల్లి మేరీకి గణితమనిన మిక్కిలి మక్కువ. కాని ఆ కాలపు కట్టుబాట్లవలన ఆమె చదువు రేఖాగణితముతో ఆగిపోయెను. తండ్రి రక్తనాళముల వ్యాధిచే రెండు కాళ్లను పోగొట్టుకొని కొయ్యకాళ్లతో నడచుచుండెను. తన అనంతరము కుమార్తెలు ఒకరిపై ఆధారపడి బ్రదుకరాదని అతడు తలచి, కుమారునితో సమానముగా వారికిని ఉన్నతవిద్య చెప్పించెను.

ఏడేండ్ల ప్రాయమున గ్రేస్ ఇంటిలోని అలారము గడియారము నొకదానిని విప్పి, మరల బిగింప నేరక, ఎట్లు బిగించిరో చూచుటకు రెండవదానిని విప్పెను. అట్లు ఏడు గడియారములు విప్పబడినవి. తల్లి దండింపలేదు, ఒక్క గడియారమును మాత్రము బిడ్డకు విడిచి, మిగిలినవానిని దాచెను. విప్పిచూడనిదే విశ్వసింపని ఆ గుణము ఆమెను కడవఱకు విడువలేదు.

పదునాఱేండ్ల వయసున వాసర్ కళాశాలలో చేరబోయి లాటిన్ భాషాపరీక్షలో తప్పెను. పిదప భాషలతోనే లోకవిఖ్యాతి గడించినామె తొలుత భాషలోనే ఓడుట విధివైచిత్రి. ఒక యేడు ఆగి చదివి, వాసర్‌లో ప్రవేశించి, 1928లో గణితము, భౌతికశాస్త్రములందు పట్టము పొందెను. యేల్ విశ్వవిద్యాలయమున 1930లో ఎం.ఏ., 1934లో గణితమున డాక్టరేటు సంపాదించెను. 1930లో విన్సెంట్ ఫాస్టర్ హాపర్ అను సాహిత్యోపన్యాసకుని వివాహమాడెను. ఆ దాంపత్యము 1945లో విడాకులతో ముగిసినను ఆ యింటిపేరు ఆమెకు నిలిచిపోయెను.

1931 మొదలు వాసర్‌లోనే ఆమె గణితము బోధించెను. లెక్కలు చేయగలిగియు తాము చేసినదానిని స్పష్టముగా వ్రాయలేని విద్యార్థులను చూచి ఆమె సహింపలేదు. గణితపు తరగతిలోనే వ్యాసములు వ్రాయించి, వాక్యదోషములను దిద్దుచుండెను. ఇతరులకు తెలియజెప్పలేని గణితము నిష్ఫలమని ఆమె సిద్ధాంతము.

నౌకాదళ ప్రవేశము

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా ప్రవేశింపగా, ముత్తాత నౌకాదళాధికారియైన ఆ వంశమున పుట్టిన గ్రేస్‌కు నౌకాదళమునందు చేరవలెనని కోరిక గలిగెను. వయస్సు మించినదనిరి, ఉండవలసిన బరువు లేదనిరి, గణితాచార్యులు ఉన్నచోటనే ఉండుట దేశమునకు మేలనిరి. ఆమె పట్టు విడువక ప్రత్యేకానుమతి సంపాదించి, 1943 డిసెంబరులో నౌకాదళపు రిజర్వు శాఖలో చేరి, శిక్షణలో ప్రథమస్థానమున ఉత్తీర్ణురాలయ్యెను.

1944 జూలైలో ఆమెను హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పంపిరి. అచ్చట హోవార్డు ఐకెన్ ఆధ్వర్యమున మార్క్–1 అనెడి మహాయంత్రము పనిచేయుచుండెను. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు ఇంచుమించు 5 టన్నులు. ఇంతటి యంత్రమును సెకండునకు మూడు కూడికలు మాత్రమే చేసెడిది. ఒక్క గుణకారమునకు ఆఱు సెకండ్లు పట్టెడిది. నేడు చేతిలో ఇముడు టెలిఫోను దీనికంటె కోట్లరెట్లు వేగము గలది. ఆజ్ఞలను కాగితపు పట్టీపై రంధ్రములుగా తొలిచి యంత్రమున కందించెడివారు. ఆ యంత్రమును నడపు తీరును వివరించుచు ఐదువందల పుటలకు మించిన గ్రంథమును ఆమె సిద్ధపఱచగా, అది 1946లో వెలువడెను.

1947 సెప్టెంబరు 9వ తేదీన మార్క్–2 అను యంత్రము తడబడగా పనివారు వెదకి, ఒక రిలేలో చిక్కిన చిమ్మటపురుగును తీసి చిట్టాపుస్తకములో అంటించిరి. యంత్రదోషమును పురుగు అని పిలుచుట అంతకుముందే కలదు. పురుగును పట్టినది హాపర్ కాదు. కాని ఈ ముచ్చటను ఊరూర చెప్పి లోకప్రసిద్ధము చేసినది ఆమెయే. ఆ చిట్టా పుట నేటికిని అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

గ్రంథాలయమునుండి పుట్టిన కంపైలరు

హార్వర్డున స్త్రీలకు స్థిరమైన ఆచార్యపదవి లభించుట మిక్కిలి అరుదైన కాలమది. 1949లో హాపర్ ఫిలడెల్ఫియా నగరమున ఎకర్ట్, మాక్లీ అనువారు స్థాపించిన సంస్థలో చేరెను. యునివాక్ అను కంప్యూటరు అచ్చట తయారగుచుండెను.

ఆ దినములలో ప్రోగ్రాము వ్రాయువారు ఒకప్పుడు చక్కగా పనిచేసిన ఆజ్ఞల సముదాయములను తమ నోటుపుస్తకములలో దాచుకొని, అవసరమైనప్పుడు చేతితో ఎత్తివ్రాసికొనెడివారు. ఎత్తివ్రాయునప్పుడు అంకెలు తాఱుమారగును. ప్రతి ఆజ్ఞకు స్థానసంఖ్యను మరల లెక్కించి దిద్దవలెను. ఇందు విద్వాంసులకును తప్పులు దొరలుచుండెను. తాళపత్రములకు ప్రతులు వ్రాసిన లేఖకుల చేతిలో పాఠములు మారిపోయినట్లే ఇదియు.

హాపర్ చేసిన ఆలోచన గ్రంథాలయమునకు వచ్చువారందఱకును సులభముగా బోధపడును. పనికివచ్చు ఆజ్ఞాసముదాయముల నన్నిటిని అయస్కాంతపు పట్టీపై గ్రంథాలయమువలె చేర్చి, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య నిచ్చెను. వ్రాయువాడు ఆ సంఖ్యలను వరుసగా చెప్పిన చాలును. యంత్రమే గ్రంథపాలకునివలె ఆయా భాగములను వెదకి తెచ్చి, స్థానములను సరిచేసి, ఒక్క ప్రోగ్రాముగా కూర్చును. 1952లో సిద్ధమైన ఈ సాధనమునకు ఏ–0 అని పేరు. దీనినే ఆమె కంపైలరు అనెను, అనగా సంకలనకర్త. నేటి నిర్వచనమునకు అది పూర్తిగా సరిపోకున్నను, తరువాతి మహావృక్షమునకు మొలక అదియే. యంత్రము లెక్కలు మాత్రమే చేయగలదు గాని ప్రోగ్రాములు వ్రాయజాలదని పలువురు నమ్మియుండిరి. సాధనము కంటియెదుట నడచుచున్నను కొంతకాలము దానిని ముట్టినవారు అరుదు.

ఆమె అంతటితో ఆగలేదు. వ్యాపారస్థులు బీజగణితపు గుర్తులను చూచి బెదరుదురు. వారికి తెలిసిన మాటలతోనే యంత్రమునకు పని చెప్పవలెనని సంకల్పించెను. ఆంగ్లపదములతో వ్రాసిన ఒక చిన్న ప్రోగ్రామును సంస్థాధికారులకు చూపి, అదే ప్రోగ్రామును ఫ్రెంచి, జర్మను మాటలతోను నడపి చూపెను. మెచ్చుకొందురనుకొనగా అధికారులు దిగ్భ్రాంతులైరి. అమెరికాలో చేసిన యంత్రమునకు పరభాషలు తెలియుటయా యని వారి శంక. యంత్రమునకు ఆంగ్లమున మాత్రమే పని చెప్పుదుమని వారికి నచ్చజెప్పుటకు ఆమెకు నెలలు పట్టెను. ఆ కృషియే 1950వ దశకము మధ్యకాలమున ఫ్లో–మాటిక్ అను భాషగా పరిణమించెను.

కోబాల్ అవతరణము

ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క భాషను చేయుచుండగా, యంత్రము మార్చినప్పుడెల్ల ప్రోగ్రాములన్నియు మరల వ్రాయవలసివచ్చెను. ఇందుకు కాలమును ధనమును వ్యర్థమగుచుండుటచే, అందఱకు సమానమైన ఒక వ్యాపారభాష కావలెనని 1959 మే నెలలో అమెరికా రక్షణశాఖ కార్యాలయమగు పెంటగాన్‌లో ప్రభుత్వ, పరిశ్రమల ప్రతినిధులు సమావేశమైరి. దాని ఫలమే కోబాల్. భాషానియమములను వ్రాసినది జీన్ సామెట్ మొదలగు సభ్యులుగల సంఘము. హాపర్ ఆ సంఘమున సభ్యురాలు కాదు, సలహాదారు. కాని కోబాల్‌కు ముఖ్యమైన ఆధారము ఆమె ఫ్లో–మాటిక్ భాషయే.

1960 డిసెంబరు మొదటివారమున ఒక గొప్ప పరీక్ష జరిగెను. దాదాపు మార్పులు లేని ఒకే కోబాల్ ప్రోగ్రాము, ఆర్.సి.ఏ. సంస్థవారి యంత్రముపైనను, యునివాక్ యంత్రముపైనను నడచి ఒకే ఫలితము నిచ్చెను. వ్రాసిన వ్రాత యంత్రమునకు బానిస కాదని ఆ దినములలో నిరూపితమయ్యెను.

1967: మూడు ఘట్టములు

1966 చివర నౌకాదళము ఆమెకు వయోభారముచే విరమణ నిచ్చెను. ఏడు నెలలు గడచులోపలనే తిరిగి పిలిచెను. కోబాల్‌కు ఒక్కొక్కచోట ఒక్కొక్క మాండలికము పుట్టి, నౌకాదళపు లెక్కలు చిక్కుపడి యుండెను. 1967లో ఆఱునెలలకని వచ్చిన హాపర్ పందొమ్మిదేండ్లు నిలిచెను. ఆమె బృందము, ప్రతి కంపైలరును ప్రామాణిక భాషకు సరిపోవునా యని పరీక్షించు ప్రోగ్రాములను నిర్మించెను. మాండలికములను ప్రామాణిక కోబాల్‌గా మార్చు ప్రోగ్రాములనుగూడ కూర్చెను. మార్చుటయే గాక మార్చినది సరియని నిరూపింపవలెననుట ఆమె పెట్టిన కట్టడి.

ఆ 1967లోనే హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమై, పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున భారతీయ కంప్యూటర్ల తయారీకి పూనుకొనెను. ఆ సంవత్సరమే నార్వే దేశమున ఓలె–యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనువారు సిములా–67 అను భాషను ప్రకటించిరి. వస్తుప్రధానమైన రచనాపద్ధతికి మూలము అదియే. కోబాల్‌వంటివి ప్రక్రియాప్రధానములు. ఈ రెంటికిని గల భేదము తెలిసికొనుటకు గ్రంథాలయమునే ఉదాహరణముగా గైకొనవచ్చును.

ప్రక్రియాప్రధానమైన ప్రోగ్రాము ఒక పనుల పట్టిక. చందాదారుడు రాగా చిట్టా తెఱువుము, పేరు వెదకుము, గడువు చూడుము, పుస్తకమిమ్ము, వ్రాసికొనుము. ఇట్లు వరుసగా నడచును. చిట్టాలన్నియు బల్లపై నుండును. ఏ పనివాడైనను తెఱచి దిద్దవచ్చును. పని చిన్నదైనప్పుడు ఇది చక్కని పద్ధతియే. లక్షల చిట్టాలు, వేల పనులు చేరినప్పుడు ఎవరు దేనిని దిద్దిరో తెలియకుండును.

వస్తుప్రధానమైన పద్ధతిలో ప్రతి పుస్తకము, ప్రతి చందాదారుడు ఒక్కొక్క వస్తువు. వస్తువు తన వివరములను తనయొద్దనే యుంచుకొని, తనకు సంబంధించిన పనులను తానే చేయును. పుస్తకము ఎవరియొద్ద నున్నదో పుస్తకమునే అడుగవలెను; బయటివారు దాని కార్డును దిద్దరాదు. నిఘంటువును పుస్తకమే గాని ఇంటికి పంపరాదు. కావున పుస్తకమునకుగల లక్షణములన్నియు దానికి వారసత్వముగా సంక్రమించి, ఆ యొక్క నియమము మాత్రము మారును.

వస్తుప్రధానమైనదానిని ప్రక్రియాప్రధానముగా మార్చుట యంత్రమునకు సులువు. 1980వ దశకమున బ్యార్న్ స్ట్రూస్ట్రప్ నిర్మించిన సి ప్లస్ ప్లస్ భాషకు తొలి కంపైలరు చేసినదదియే. అది వస్తువులను విప్పి సి భాషలో పట్టికగా పఱచెడిది. మూటను విప్పుటకు నియమము చాలును. పట్టికనుండి వస్తువులను ఏఱి మూటకట్టుటకు మాత్రము వివేకము కావలెను. ఏ వివరములు ఎల్లప్పుడు కలసి తిరుగును, ఏ పనులు వానినే ముట్టును, వ్రాసినవాని ఉద్దేశమేమి యని మొదట గ్రహింపవలెను. ఆ గ్రహింపు లేక కోబాల్ వాక్యమునకు జావా వాక్యమును ఎదురుగా పెట్టినచో, వేషము జావాదై ప్రాణము కోబాల్‌దై యుండును. పనివారు అట్టి వ్రాతకు జోబాల్ అని పేరుపెట్టి పరిహసింతురు. ద్విపద పాదములను విఱిచి కలిపినంతమాత్రమున చంపువు కానట్లే ఇదియు.

వార్ధక్యము – నిర్యాణము

హాపర్ వార్ధక్యమున ఊరూర తిరిగి ఉపన్యసించెను. సెకండులో నూఱుకోట్లవ వంతు కాలమున కాంతి ప్రయాణము చేయు దూరమును చూపుటకు, సుమారు పన్నెండు అంగుళముల తీగముక్కలను సభికులకు పంచిపెట్టెడిది. మొదటినుండి ఇట్లే చేయుచున్నామను సాకును ఆమె సహింపదు. ఆచారము ఒక్కటే మార్గము కాదని చూపుటకు తన గదిలో ఎడమవైపునకు తిరుగు గడియారమును ఉంచుకొనెను. 1983లో కమడోరు పదవియు, 1985లో రియర్ అడ్మిరల్ హోదాయు లభించినవి. 1986 ఆగస్టు 14వ తేదీన బోస్టన్ రేవున, 79 ఏండ్ల ప్రాయమున ఆమె పదవీవిరమణ చేసెను. పిదపను డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థకు సలహాదారుగా నుండి, 1992 జనవరి 1వ తేదీన కన్నుమూసెను. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనికలాంఛనములతో ఆమెను ఖననము చేసిరి. 2016లో అమెరికా ప్రభుత్వము మరణానంతరముగా అధ్యక్ష స్వాతంత్ర్య పతకముతో ఆమెను గౌరవించెను.

తెలుగునేలపై ఆమె వారసత్వము

ఆమె పోయిన కొన్ని యేండ్లకే లోకమునకొక గండము తోచెను. కంప్యూటర్లలో స్థలము ప్రియమైన కాలమున సంవత్సరమును చివరి రెండంకెలతోనే వ్రాసియుండిరి. 2000 సంవత్సరము రాగా యంత్రము సున్న సున్నను చూచి 1900 అని భ్రమించినచో, వడ్డీలు, పింఛనులు, బీమాలు తలక్రిందులగును. కోట్లకొలది కోబాల్ పంక్తులను చదివి దిద్దవలసివచ్చెను. అప్పుడు హైదరాబాదు అమీర్‌పేట వీధులలోని శిక్షణాలయములలో రైతుబిడ్డలు, ఉపాధ్యాయుల బిడ్డలు కోబాల్ నేర్చి, హైదరాబాదులోను సముద్రముల కావలను ఆ పనికి కుదిరిరి. తాము పుట్టకముందు ఎవరో వ్రాసిన వ్రాతను వారు వాక్యము వాక్యముగ విప్పి చదివిరి. గండము గడచెను. వారిలో పలువురు పిదప జావా నేర్చి, పాత ప్రోగ్రాములను వస్తుప్రధానముగా మార్చు పనులకు పూనుకొనిరి. కోబాల్ సైతము 2002 నాటి ప్రమాణములో వస్తుప్రధాన లక్షణములను స్వీకరించెను.

ఈ పని పండితవినోదము కాదు. 2020 ఏప్రిలులో కరోనా మహమ్మారివలన పనులు పోయిన జనులు సహాయమునకై ఎగబడగా, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రపు పాత యంత్రములు ఆ భారమును మోయలేకపోయెను. గవర్నరు కోబాల్ తెలిసినవారు ముందుకు రావలెనని బహిరంగముగా అర్థించెను. పాత వ్రాతను అర్థము చేసికొనువారు కఱవైనప్పుడు, ఆకలిగొన్నవాని నోటికి ముద్ద ఆలస్యమగును. 2023లో ఐ.బి.ఎం. సంస్థ కోబాల్‌ను జావాగా మార్చుటకు కృత్రిమమేధ సాయమును ప్రకటించెను. యంత్రము మార్చి చూపును. మార్చినది సరియా యని తేల్చుటకు పాతదానికిని క్రొత్తదానికిని ఒకే లెక్క నిచ్చి ఫలితములను సరిచూచు బాధ్యత మనుష్యునిదే. హాపర్ నౌకాదళమున పెట్టిన కట్టడి నేటికిని చెల్లుచున్నది.

వాడపల్లి సంగమమున మూసీ నీరు కృష్ణలో కలసి పేరు మార్చుకొనును. పొలమునకు పాఱునది మాత్రము ఆ నీరే. భాష మారినను, పద్ధతి మారినను, వ్రాతలోని అర్థము అట్లే చెడక ప్రవహింపవలెననుటయే గ్రేస్ హాపర్ జీవితాంతము చేసిన కృషి. గ్రంథాలయమున ఒక పుస్తకము తెఱచి, అర్థమగువఱకు చదివి, అర్థమైనదానిని ఎదుటివానికి తెలియునట్లు వ్రాయుట ఆ విద్యకు మొదటి మెట్టు. ఆ మెట్టు ప్రతి గ్రామమునను ఉండదగినది.